అరకు కాఫీ నుంచి నిద్రబిళ్ళ దాకా: మెదడులో మందు చేసే పని

(విశాఖపట్నంలో విద్యార్థులు, తల్లిదండ్రులు, మెడికల్ షాపులవారు కూర్చున్న సభలో ఒక ఫార్మకాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో రెండింటిని కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్ళకుండా ఇక్కడికి వచ్చారు, చాలా సంతోషం.

మీలో చాలామంది కాఫీయో టీయో తాగి వచ్చి ఉంటారు. అది అరకు కాఫీ అయితే మన కొండల్లో పండిన గింజే. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అవే కొండల పేరు పేపర్లో ఇంకో రకం వార్తలోనూ కనిపిస్తుంటుంది, ఫలానా చోట గంజాయి మూటలు పట్టుబడ్డాయని. కాఫీలోని కెఫీన్, గంజాయిలోని టీహెచ్‌సీ రెండూ మెదడుకి చేరేవే, రెండూ అక్కడ కబుర్లు అందుకునే రిసెప్టర్ల దగ్గరే పనిచేసేవే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మెదడు మందుల సంగతి చాలావరకు తెలిసిపోతుంది. అందుకే అక్కడినుంచి మొదలుపెడుతున్నాను.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఏ మందూ మెదడుకి కొత్త పని నేర్పదు. మెదడు తన అవసరానికి పెట్టుకున్న ఏర్పాట్ల మీదే అది పనిచేస్తుంది. మందు రోజూ వస్తుంటే మెదడు కూడా ఊరుకోదు, దానికి తగ్గట్టు తన రిసెప్టర్లని సర్దుకుంటుంది. మందు వల్ల కలిగే మేలూ, కీడూ, అలవాటూ, మానేసినప్పుడు పడే అవస్థా ఈ రెండు సంగతుల్లోంచే వస్తాయి.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఉన్నాయి. చాలాచోట్ల ఒక న్యూరాన్ కొసకీ పక్క న్యూరాన్‌కీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. ఆ కలిసే చోటుని సినాప్స్ అంటాం. ఖాళీ వెడల్పు 20 నానోమీటర్ల దరిదాపుల్లో, అంటే మిల్లీమీటరులో యాభై వేలో వంతు. న్యూరాన్ వెంట కబురు కరెంటులా పరుగెడుతుంది. ఈ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి రసాయనంగా దాటుతుంది. ఆ రసాయనాలే న్యూరోట్రాన్స్‌మిటర్లు: డోపమిన్, సెరటోనిన్, అసిటైల్‌కోలిన్, గాబా, గ్లూటమేట్, ఇంకా చాలా ఉన్నాయి. అవతలి ఒడ్డున వాటిని అందుకునే ప్రోటీనే రిసెప్టర్.

కబురు రసాయనంగా దాటుతుందని తేల్చిన ప్రయోగం ఎంత ముచ్చటైనదో విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలు తీసుకున్నారు. రెండూ ఉప్పు ద్రావణంలో కొట్టుకుంటున్నాయి. మొదటి గుండెకి వేగస్ నరం ఉంది. ఆ నరానికి కరెంటు తగిలిస్తే గుండె నెమ్మదించింది. అది అప్పటికే తెలిసిన సంగతే. లోవీ ఏం చేశారంటే, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి రెండో గుండె మీద పోశారు. దాన్ని ఏ నరమూ తాకలేదు, ఏ కరెంటూ ఇవ్వలేదు. అయినా అదీ నెమ్మదించింది. అంటే నరం కొస నుంచి ఏదో పదార్థం ఆ నీళ్ళలోకి దిగింది. అదే అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో ఆయనకీ, హెన్రీ డేల్‌కీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

అందుకునే పదార్థం ఒకటి ఉండాలని అంతకుముందే, 1905లో, కేంబ్రిడ్జ్‌లో జాన్ లాంగ్లీ రాశారు. నికోటిన్ పెడితే కండరం బిగుసుకుంటోంది, కండరాల్ని చచ్చుబరిచే క్యురారే విషం పెడితే ఆ బిగువు ఆగిపోతోంది, కాబట్టి రెండూ కండరం మీదున్న ఒకే చోట పోటీపడుతున్నాయని ఆయన వాదన. ఆ చోటుని ఎవరూ కళ్ళారా చూడని రోజుల్లో చెప్పిన మాట అది.

ఇక కాఫీ సంగతి. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది తన రిసెప్టర్ల మీద చేరినకొద్దీ మగత కమ్ముతుంది. కెఫీన్ ఆకారం అడినోసిన్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి వెళ్ళి అదే చోట కూర్చుంటుంది. కూర్చుంటుంది గానీ రిసెప్టర్‌ని పనిచేయించదు. మన కాంప్లెక్స్‌లో (బస్టాండులో) శ్రీకాకుళం బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేస్తారు చూడండి, అలాగ. సీట్లో మనిషి లేడు, అయినా ఇంకొకరు కూర్చోడానికి లేదు. ఇలా చోటు ఆపేసే మందుని యాంటగనిస్ట్ అంటాం. వెళ్ళి కూర్చుని రిసెప్టర్‌ని పనిచేయించేది అగోనిస్ట్. అరకొరగా పనిచేయించేది పార్షియల్ అగోనిస్ట్. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి, గంటసేపూ వీటితోనే పని.

కాబట్టి కాఫీ అలసట తీర్చదు, అలసిపోయామన్న కబురుని ఆపుతుంది. పరీక్షల ముందు రాత్రంతా కాఫీ మీద గడిపే పిల్లలకి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి పెద్దవాళ్ళలో సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగినదాంట్లో సగం రాత్రి పదకొండుకీ ఇంకా లోపలే ఉంటుంది. రోజూ తాగేవాళ్ళలో మెదడు ఈ అడ్డంకిని చూసి అడినోసిన్ కబురుకి ఇంకా సున్నితంగా తయారవుతుంది. అందుకే శివరాత్రి ఉపవాసం నాడు కాఫీ కూడా మానేసిన పెద్దవాళ్ళకి మధ్యాహ్నానికల్లా తలనొప్పి మొదలవుతుంది. మెదడు సర్దుకోవడం అన్నాను కదా, దానికి ఇది రోజూ మన ఇళ్ళలో కనిపించే రుజువు.

గంజాయి దీనికి ఎదురు. టీహెచ్‌సీ వెళ్ళి సీబీ1 అనే రిసెప్టర్‌ని పనిచేయిస్తుంది. టీహెచ్‌సీ నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, యెహియెల్ గావోనీ తేల్చారు. మరి మెదడులో గంజాయి కోసం రిసెప్టర్ ఎందుకుంటుంది? గంజాయి కోసం లేదు. 1992లో మెదడులోనే దానికి సరిపడే సొంత పదార్థం దొరికింది, దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఇది కబురు అందుకున్న న్యూరాన్ నుంచి, పంపిన న్యూరాన్ వైపు వెనక్కి వెళ్ళి, ఇక చాలు, తగ్గించమని చెప్పే ఏర్పాటు. అవసరమైన చోట, అవసరమైనంతసేపు, కొద్దికొద్దిగా జరిగే పని. గంజాయి తాగితే అదే పని మెదడంతటా ఒకేసారి, గంటల తరబడి జరుగుతుంది.

సీబీ1 ఎక్కడ ఎక్కువుందో చూస్తే తాగినవాడి తీరంతా అర్థమవుతుంది. జ్ఞాపకాన్ని చూసుకునే హిప్పోక్యాంపస్‌లో దండిగా ఉంది, కాబట్టి ఇప్పుడు చెప్పింది ఇప్పుడే మరిచిపోతాడు. నడకని సరిచేసే సెరిబెల్లంలో ఉంది, కాబట్టి బండి నడిపితే ప్రమాదం. ఊపిరిని నడిపే మెదడు కాండంలో చాలా తక్కువ. అందుకే గంజాయి ఒక్కదాని వల్ల ఊపిరి ఆగి చనిపోవడం దాదాపు జరగదు. ఈ ఒక్క ముక్క పట్టుకుని, చూశావా ఏమీ కాదు అని హాస్టల్లో ఒకరికొకరు చెప్పుకుంటారు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ మెదడు ఇంకా కట్టుబడి జరుగుతున్న మెదడు. ఆ పని ఇరవై దాటి పాతిక దాకా సాగుతుంది. ఆ వయసులో రోజూ తాగేవాళ్ళలో చెవుల్లో మాటలు వినబడటం, అందరూ నన్నే చూస్తున్నారన్న అనుమానం లాంటి సైకోసిస్ వచ్చే అవకాశం పెరుగుతుంది. కుటుంబంలో అంతకుముందే ఎవరికైనా అలాంటి జబ్బు ఉంటే మరీను. ఈ మాట నేను భయపెట్టడానికి చెప్పడం లేదు, ఆ పిల్లల తల్లిదండ్రులు వచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు ఏమీ చెప్పలేక కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఇందులోనే ఒక ఊరట కూడా ఉంది. రోజూ తాగేవాళ్ళలో సీబీ1 రిసెప్టర్లు తగ్గిపోతాయి, సుమారు నాలుగు వారాలు పూర్తిగా మానితే చాలావరకు మళ్ళీ మామూలు స్థాయికి వస్తాయి. మెదడు స్కాన్లలో కనబడిన సంగతి ఇది. మానేసిన మొదటి వారం నిద్ర పట్టక, చిరాకుతో ఉన్న పిల్లాడికి ఈ సంగతి చెప్పాలి.

మన తీరంలో ఇంకో అలవాటు ఉంది, అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పు కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు, ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్ళు. ఆ వేడికీ పొగకీ అంగిట్లో క్యాన్సర్ వస్తుందని ఇక్కడి డాక్టర్లు ఎంతోకాలంగా చెబుతున్నారు. నికోటిన్ అసిటైల్‌కోలిన్ రిసెప్టర్లలో ఒక రకాన్ని పనిచేయిస్తుంది. పీల్చిన పొగలోంచి ఇరవై సెకన్ల లోపే మెదడుకి చేరుతుంది. ఎంత త్వరగా చేరితే అంత గట్టిగా అలవాటవుతుంది. వరెనిక్లిన్ అనే మాత్ర అదే రిసెప్టర్ మీద పార్షియల్ అగోనిస్ట్. కొంచెం పనిచేయిస్తుంది కాబట్టి తపన తగ్గుతుంది, చోటు ఆపేస్తుంది కాబట్టి తాగినా ఆ మజా రాదు.

ఇప్పుడు డోపమిన్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే మందు గుణం సగం మందులోనే ఉన్నా మిగతా సగం రిసెప్టర్ ఉన్న చోటులో ఉందని ఇంత స్పష్టంగా చూపించేది ఇంకొకటి లేదు.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు క్యాజువాలిటీలో చూసిన దృశ్యం చెబుతాను. మీలో నర్సులెవరైనా ఉంటే వాళ్ళూ చూసే ఉంటారు. రాత్రి పది దాటాక పదిహేడేళ్ళ అమ్మాయిని ఆటోలో తెచ్చారు. మెడ ఎడమ పక్కకి మెలితిరిగిపోయింది. కళ్ళు పైకి నిలిచిపోయాయి. దవడ బిగిసింది, మాట రావట్లేదు, కానీ స్పృహలోనే ఉంది, మనం చెప్పేదంతా వింటోంది. అమ్మ ఏడుస్తోంది. వెంట వచ్చిన పెద్దావిడ, చీకటిపడ్డాక చెరువు గట్టు మీదుగా వచ్చింది బాబూ, గాలి సోకింది అంటోంది. డ్యూటీ డాక్టరు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇవాళ దేనికైనా ఇంజెక్షన్ చేయించారా? పొద్దున్న వాంతులవుతుంటే వీధిలో చేయించామన్నారు. వెంటనే ప్రొమెథజీన్ నరానికి ఎక్కించారు. చూస్తుండగానే మెడ సర్దుకుంది. ఆ పిల్ల అడిగిన మొదటి మాట, మంచినీళ్ళు.

జరిగిందేమిటంటే, వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ డీ2 అనే డోపమిన్ రిసెప్టర్‌ని ఆపుతుంది. వాంతి కేంద్రం దగ్గర ఆపితే వాంతులు తగ్గుతాయి. కానీ డీ2 కండరాల కదలికల్ని సర్దే చోటా ఉంది. అక్కడ డోపమిన్, అసిటైల్‌కోలిన్ సమతూకంలో ఉండాలి. డోపమిన్ ఆగిపోతే రెండోదాని చేయి పైచేయి అవుతుంది, కండరాలు మెలితిరుగుతాయి. వయసు పిల్లల్లో ఇది ఎక్కువ. ప్రొమెథజీన్ అసిటైల్‌కోలిన్ రిసెప్టర్లని ఆపి తూకం సరిచేస్తుంది. డొంపెరిడోన్ కూడా డీ2 మందే అయినా మెదడు లోపలికి పెద్దగా వెళ్ళదు, కాబట్టి ఈ ఇబ్బంది దానితో అరుదు.

మానసిక జబ్బులకి వాడే మందులదీ ఇదే కథ. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే ఇద్దరు డాక్టర్లు క్లోర్‌ప్రొమజీన్ ఇచ్చినప్పుడు అది ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. 1970ల మధ్యలో ఈ మందులు డీ2 రిసెప్టర్‌కి ఎంత గట్టిగా అంటుకుంటే అంత తక్కువ డోసు సరిపోతోందని తేలింది. స్కాన్లు వచ్చాక ఇంకా కచ్చితంగా తెలిసింది. డీ2 రిసెప్టర్లలో సుమారు 65 శాతం ఆపితే జబ్బు లక్షణాలు తగ్గడం మొదలవుతుంది, 80 శాతం దాటితే చేతుల వణుకు, బిగుసుకుపోయిన నడక మొదలవుతాయి. ఆ మధ్య సందు ఎంత ఇరుకో చూడండి. మందు ఎక్కువైతే మంచిదని ఇంట్లోవాళ్ళు ఒక బిళ్ళ అదనంగా వేసినా, మనిషి చురుగ్గా లేడని ఒకటి తీసేసినా ఆ సందు దాటిపోతాం. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గరా డీ2 ఉంది. అక్కడ ఆగితే పాలు పుట్టించే ప్రొలాక్టిన్ హార్మోన్ పెరిగి, పెళ్ళికాని అమ్మాయికి కూడా నెలసరి ఆగి, పాలు రావచ్చు. ఆ పిల్ల ఎవరికీ చెప్పుకోలేక మందు మానేస్తుంది. డాక్టరుకి చెబితే మందు మార్చే వీలుంది తల్లీ, చెప్పండి.

మన దేశం సంగతి ఒకటి ఇక్కడ చెప్పకపోతే నాకు తృప్తిగా ఉండదు. తూర్పు కనుమల్లోనూ పెరిగే సర్పగంధ మొక్క మీద 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ వ్యాసం రాశారు, పిచ్చికీ రక్తపోటుకీ పనిచేస్తుందని. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్ దాని రక్తపోటు గుణాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. అందులోని రిసర్పిన్ రిసెప్టర్ జోలికి పోదు, న్యూరాన్ లోపల డోపమిన్ లాంటివి దాచుకునే తిత్తుల్ని ఖాళీ చేస్తుంది. స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకి దాన్నిస్తే కదలకుండా పడిపోయాయి. మెదడులో డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఇస్తే లేచాయి. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు చికిత్సకి దారి అక్కడ పడింది, 2000లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఇక మార్ఫిన్, హెరాయిన్, ట్రమడాల్. ఇవి మ్యూ అనే ఓపియాయిడ్ రిసెప్టర్‌ని పనిచేయిస్తాయి. ఈ రిసెప్టర్లు నొప్పి దారిలో ఉన్నాయి, సంతోషం పుట్టే చోట ఉన్నాయి, ఊపిరిని నడిపే మెదడు కాండంలోనూ ఉన్నాయి. గంజాయికి లేని ప్రాణాపాయం వీటికి అక్కడే వచ్చింది. రోజూ వాడుతుంటే రిసెప్టర్లు మొద్దుబారి, పాత డోసు సరిపోక మనిషి పెంచుకుంటూ పోతాడు. డీ-అడిక్షన్‌లో చేరి నెల, రెండు నెలలు మానాక రిసెప్టర్లు మళ్ళీ సున్నితమవుతాయి. బయటికి వచ్చి, పాత లెక్కే గుర్తుపెట్టుకుని పాత డోసు తీసుకుంటే ఆ రాత్రే ఊపిరి ఆగిపోవచ్చు. మానినవాళ్ళు చనిపోయేది ఎక్కువగా ఇలాగే. ఇది ఇంట్లోవాళ్ళకి తెలిసి ఉండాలి. నాలోక్సోన్ ఇంజెక్షన్ ఆ రిసెప్టర్ల మీదనుంచి మార్ఫిన్‌ని తోసేసి నిమిషాల్లో ఊపిరి తెప్పిస్తుంది. కానీ దాని పని గంటా గంటన్నరలో దిగిపోతుంది, కాబట్టి లేచి కూర్చున్నాడు కదా అని ఆసుపత్రి నుంచి తీసుకెళ్ళిపోకూడదు.

నిద్రబిళ్ళల దగ్గర మెడికల్ షాపువాళ్ళని ఉద్దేశించి రెండు మాటలు. ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్, లోరజెపామ్ ఇవన్నీ మెదడుని శాంతపరిచే గాబా రిసెప్టర్ మీద, గాబా కూర్చునే చోట కాకుండా దాని పక్కన ఇంకో చోట కూర్చుంటాయి. గాబా వచ్చినప్పుడు దాని పని పెంచుతాయి. ఒక్కటే వేసుకుంటే ప్రాణం పోవడం అరుదు, సారాతోనో ఓపియాయిడ్‌తోనో కలిస్తే ఊపిరి పోతుంది. ఆల్‌ప్రజోలామ్ షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టంగా అమ్మాల్సిన మందుల జాబితాలో ఉంది, చీటీ చూసి, రిజిస్టర్లో రాసి, మూడేళ్ళు దాచాలి. తెలిసిన మామ్మగారే కదా అని స్ట్రిప్ ఇచ్చేస్తే, ఆవిడ అర్ధరాత్రి బాత్రూముకి లేచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేది ఆ బిళ్ళ వల్లే కావచ్చు. నెలల తరబడి వేసుకున్నవాళ్ళు ఒక్కసారి మానినా ఫిట్స్ రావచ్చు. వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించాలి, అది డాక్టరు చేయవలసిన పని.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

ఒక విద్యార్థిని: మేడమ్, డిప్రెషన్ మాత్రలు వేసుకుంటే జీవితాంతం అలవాటైపోతామంటారు. నిజమా?

ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి సెరటోనిన్‌ని తిరిగి లోపలికి లాక్కునే పంపుని ఆపుతాయమ్మా. పంపు మొదటి రోజే ఆగుతుంది. మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ మధ్యలో సెరటోనిన్ రిసెప్టర్లు సర్దుకుంటున్నాయి, న్యూరాన్ల మధ్య మార్పులు జరుగుతున్నాయి. సెరటోనిన్ తక్కువవడమే డిప్రెషన్ అని ఒకప్పుడు తేలిగ్గా చెప్పేవారు, ఆ మాటకి గట్టి ఆధారం దొరకలేదు. అయినా మధ్యస్థంగా, తీవ్రంగా ఉన్న డిప్రెషన్‌లో మందు చాలామందికి పనిచేస్తుంది. పది రోజులు వేసుకుని ఏమీ తేడా లేదని మానేస్తారు, అది తొందరపాటు. హెరాయిన్‌కో సారాకో ఉండే తపన, డోసు పెంచుకుంటూ పోవడం వీటికి ఉండవు. కానీ హఠాత్తుగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, టెన్షన్ రావచ్చు, కాబట్టి ఇవీ తగ్గించుకుంటూనే మానాలి. మొదటి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ళ లోపువాళ్ళని, ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆగకుండా చెప్పాలి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా చేయొచ్చు.

ఒక గృహిణి: మా అన్నయ్య రోజూ తాగుతాడండీ. కార్తీకంలో మాల వేసుకుని మానేస్తానంటున్నాడు. పోయినసారి మాల వేసుకున్న మూడో రోజుకి చేతులు వణికి, గోడ మీద పురుగులున్నాయని కేకలు పెట్టాడు. స్వామి ఆగ్రహమని భయపడి మాల తీయించేశాం.

అది జబ్బమ్మా, దేవుడి ఆగ్రహం కాదు. సారా మెదడుని శాంతపరిచే గాబా పనిని పెంచుతుంది, ఉద్రేకపరిచే గ్లూటమేట్ రిసెప్టర్లని అణుస్తుంది. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళ మెదడు దానికి ఎదురుగా గాబా పనిని తగ్గించుకుని, గ్లూటమేట్ పనిని పెంచుకుని కూర్చుంటుంది. సారా ఒక్కసారి ఆగితే అణిచేది లేదు, పెంచుకున్నదంతా అలాగే ఉంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మీ అన్నయ్యకి వచ్చిన స్థితి, డెలీరియం అంటాం. చూడకుండా వదిలేస్తే ప్రాణం పోవచ్చు. దీనికి చికిత్స తేలికే. ఇందాక చెప్పిన డయాజెపామ్ లాంటి మందే డాక్టరు పర్యవేక్షణలో పెద్ద డోసుతో మొదలుపెట్టి వారం, పది రోజుల్లో తగ్గిస్తూ ఆపేస్తారు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. మానాలన్న ఆయన సంకల్పం చాలా మంచిది, దాన్ని పోనివ్వకండి. మాల వేసుకునే రోజుకి వారం పది రోజుల ముందే చినవాల్తేరు మానసిక వైద్యశాలకో, మీకు దగ్గరలో ఉన్న సైకియాట్రిస్ట్ దగ్గరికో తీసుకెళ్ళండి. పోయినసారి ఏం జరిగిందో, రోజుకి ఎంత తాగుతాడో, ఆఖరిసారి ఎప్పుడు తాగాడో కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. డాక్టరు మొదట అడిగేది అదే.